తంతి అత్త, లారీ బ్యాటరీ

మొన్న నా సెల్‌ఫోను పాడైతే బాగుచేయించడానికి బజారుకి వెళ్లాను. ఇరుకు షాపులో ఒకాయన తల వంచుకుని సన్నని తీగకి టంకం పెడుతున్నాడు. కరిగిన సీసం, కాలిన రాళజిగురు కలిసిన పొగ ఒక పాయ వచ్చి నా ముక్కుకి తగిలింది. "పది నిమిషాలు పడుతుందమ్మా, కూర్చోండి" అన్నాడాయన. స్టూలు మీద కూర్చున్నానే గాని, నా మనసు మంచు కమ్మిన ఒక లోయలో, రైల్వే క్వార్టరు వెనక వరండాలో, మా అత్త పక్కన పీట వాల్చుకుంది.

మా నాన్న ఆ కొండల రైలు మార్గంలో గ్యాంగుమేటు. పట్టాలు చూసుకునే కూలీలకి పెద్ద. అరకు నుంచి కాస్త ఎడంగా ఉండే చిన్న స్టేషను మాది. రోజుకి ఒక్క ప్యాసింజరు, మిగతావన్నీ ఇనుపరాయి మోసే గూడ్సు బళ్లు. నాలుగు క్వార్టర్లు, ఒక నుయ్యి, వెనకాల కాఫీతోట. తోటకి నీడనిచ్చే సిల్వరోకు చెట్లకి మిరియం తీగలు ఎగబాకి ఉండేవి. వేసవి మొదట్లో ఒక్క వాన పడితే చాలు, వారం తిరిగేసరికి కాఫీ కొమ్మలన్నీ తెల్లగా పూసేసేవి. అచ్చం మల్లెపూల వాసన.

నాకు పదకొండో పన్నెండో ఏళ్లున్నప్పుడు అత్త మా ఇంటికి వచ్చేసింది. నాన్నకి అక్క. విజయనగరం తంతి ఆఫీసులో టెలిగ్రాములు కొట్టే ఉద్యోగం ఆవిడది. పెళ్లయిన నాలుగేళ్లకే మావయ్య పోయాడు. పిల్లల్లేరు. తంతి పని తగ్గిపోతూ ఉంటే ముందుగానే రిటైరైపోయి, ఒక ట్రంకు పెట్టె, ఒక చెక్కపెట్టె పట్టుకుని రైలు దిగింది. ట్రంకు పెట్టె కూలీకిచ్చింది. చెక్కపెట్టె మాత్రం చంకలోంచి దించలేదు.

"అందులో ఏటున్నాదే అక్కా, బంగారమా?" అన్నాడు నాన్న.

"బంగారమేటి, అంతకన్నా ఎక్కువే. బేగి ఇంటికి నడు" అంది అత్త.

పెట్టెలో ఉన్నది వైర్‌లెస్ సెట్టు. హామ్ రేడియో అంటారని అప్పుడే విన్నాను. సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. ఆ లైసెన్సున్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా గాలిలో ఒకళ్లనొకళ్లు పిలుచుకోవచ్చు. వ్యాపారం మాట్లాడకూడదు, రాజకీయం మాట్లాడకూడదు. నీ సెట్టు ఎలా వినబడుతోంది, మీ ఊళ్లో వానలెలా ఉన్నాయి, ఒంట్లో ఎలా ఉంది, ఇంతే. "ఇందుకోసం పరీచ్చ రాసావా వదినా?" అని మా అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

ఇద్దరు కొండ కుర్రాళ్లు సిల్వరోకు చెట్లెక్కి, ఈ చెట్టుకీ ఆ చెట్టుకీ రాగితీగ కట్టారు. వారం తిరక్కుండానే పోలీసులు వచ్చారు. ఏజెన్సీలో చెట్ల మీద వైర్‌లెస్ తీగ కనబడితే ఊరుకుంటారా? ఎస్సై మీసం దువ్వుకుంటూ "ఎవరితో మాట్లాడతావమ్మా?" అన్నాడు. అత్త లైసెన్సు కాగితం చేతికిచ్చి, ఇత్తడి గ్లాసులో కాఫీ ఇచ్చి, "మీ పేరేటి బాబూ?" అని అడిగి, ఆ పేరుని టిక్కుటిక్కుమని కొట్టి వినిపించింది. ఆయన ఇంకోసారి కొట్టమన్నాడు. తర్వాత ఆ దారిన వచ్చినప్పుడల్లా కాఫీకి ఆగేవాడు.

అత్త ఎక్కువగా మాటలతో కాదు, మోర్సు కోడుతోనే పలికేది. పొట్టి చప్పుడు, పొడుగు చప్పుడు. కుడిచేతి మూడు వేళ్లతో ఇత్తడి మీటని పట్టుకుంటే ఆవిడ మొహం మారిపోయేది. పూజలో కూర్చున్నప్పుడు మా అమ్మ మొహం అలా ఉండేది. ఒకసారి టంకం అతకడానికి వాడే రాళ అయిపోయి, సంతలో కొన్న గుగ్గిలం వాడింది. ఇల్లంతా ధూపం. మా అమ్మ వంటింట్లోంచి తడి చేతులు జోడించుకుంటూ వచ్చి, వరండాలో అత్త తీగలు అతుకుతూ కనబడేసరికి, "నీ దేవుడికి నైవేద్యం కూడా పెట్టమంటావేటి?" అంది.

చుట్టుపక్కల గిరిజనులు అత్తని తంతి అమ్మ అనేవాళ్లు. నేను తంతి అత్త అనేదాన్ని.

బళ్లో నా పక్కన కూర్చునే నేస్తం కొండ మీద ఊరి పిల్ల. వాళ్ల ఊరు మా ఇంటి నుంచి గంట ఎక్కుడు. అత్త మా ఇద్దరికీ మోర్సు అక్షరాలు నేర్పింది. తరగతిలో మాస్టారు లెక్కలు చెబుతుంటే మేము బలపాలతో బల్ల మీద కొట్టుకునేవాళ్లం. 'ఆకలి', 'ఆకలి', 'ఏటి తెచ్చావు?' దాని మూటలో సామల అన్నం, వెదురు కొమ్ముల కూర ఉండేవి. నా డబ్బాలో ఇడ్లీలు. మార్చుకునేవాళ్లం. మోర్సు దానికి నాకన్నా బాగా వచ్చేది. డప్పు వినే చెవి దానిది.

కానీ సెట్టు ముట్టుకోవడానికి వీల్లేదు. "లైసెన్సు లేనోళ్లు మీట మీద చెయ్యెయ్యకూడదు. అదీ రూలు" అనేది అత్త. ఇంకో రూలు బ్యాటరీ గురించి. సెట్టు కింద ఒక పెద్ద లారీ బ్యాటరీ ఉండేది. కరెంటున్నా లేకపోయినా అది ఎప్పుడూ నిండుగా ఉండాలి. రోజూ పొద్దున్నే మూతలు తీసి నీళ్లు చూసేది. "ఇదెందుకే, కరెంటున్నాది గదా" అంటే, "కరెంటు మనం పిలిస్తే పలకదే గుంటా. ఇది పలుకుతాది" అనేది.

ఆ ఏడు వానాకాలం ముందర అత్త కళ్లకి ఆపరేషను చేయించుకోవడానికి విజయనగరం వెళ్లింది. పదిహేను రోజులు రాదు. అదే సమయంలో నా నేస్తం వాళ్ల ఊరికి వీడియో ఆడించే మనిషి వచ్చాడు. చిన్న టీవీ, క్యాసెట్లు తిప్పే పెట్టె మోసుకుని ఊరూరా తిరిగేవాడు. ఊళ్లో కరెంటు లేదు. అతని బ్యాటరీ దారిలో పగిలిపోయింది.

"మీ ఇంటికాడ ఉన్నాది గదే" అంది నా నేస్తం.

ఎంతసేపు తటపటాయించానో గుర్తు లేదు. ఎక్కువసేపు మాత్రం కాదు. అమ్మ సంతకి వెళ్లిన పూట ఇద్దరు మనుషులు వచ్చి కావడికి కట్టుకుని బ్యాటరీని కొండెక్కించారు. ఊరి మధ్య పెద్ద ఇంట్లో కిటికీలకి గొంగళ్లు కట్టి, పట్టపగలే చీకటి చేసి, రెండు రోజులు సినిమాలు ఆడించారు. పొగాకు, తడి గొంగడి, ఉడికిన పనసగింజల వాసన మధ్య ఊరంతా కూర్చుంది. నా నేస్తం తాత ముందు వరసలో గొంతుక్కూర్చుని, తెరమీద విలన్ పడ్డప్పుడల్లా తొడ చరుచుకున్నాడు. మూడో రోజు బొమ్మ వణికి, చిన్నదై, ఆరిపోయింది.

బ్యాటరీని దాని చోట్లో పెట్టేసి గోనెపట్టా కప్పాను. రేపు చార్జింగు పెడదాం అనుకున్నాను. రేపటికి వాన మొదలైంది. కరెంటు పోయింది. మళ్లీ రాలేదు.

వాన మొదలైన ఎనిమిదో రోజున, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అత్త దిగిన ప్యాసింజరే ఆ వానల్లో మాకు వచ్చిన ఆఖరి బండి. మర్నాడు ఘాట్లో బండరాళ్లు జారి పట్టాలు మూసుకుపోయాయి. వాటితోపాటు రైల్వే ఫోను తీగలూ తెగిపోయాయి. రోడ్డు రెండు చోట్ల కోసుకుపోయింది. పోలీసు స్టేషనుకి వెళ్లాలంటే దాటాల్సిన వాగు పొంగి మనిషిని నిలవనివ్వలేదు. ఆ మర్నాడు పొద్దున్నే నా నేస్తం వాళ్ల నాన్న తడిసి ముద్దయి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"తంతి అమ్మా, ఊళ్లో వాంతులు, ఇరోసనాలు. సగం ఊరు పడిపోనాది. మా చిన్నోడు కళ్లు తేలేత్తన్నాడు. మా అయ్య లేవనేడు" అన్నాడు. మా స్టేషను దగ్గరున్న ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఒక్కతే ఉంది. డాక్టరు మైదానానికి వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. నర్సమ్మ అప్పటికే తన దగ్గరున్న సెలైన్ సీసాలన్నీ తీసుకుని కొండెక్కేసింది. అవి మధ్యాహ్నం దాకా కూడా సరిపోవని చెప్పి పంపింది.

అత్త వరండాలోకి వెళ్లింది. గోనెపట్టా తీసింది. స్విచ్చి తిప్పింది. సెట్టు మీద ముల్లు కదలలేదు. తీగలు విప్పి గీకి మళ్లీ బిగించింది. ముల్లు కదలలేదు. ఇంకోసారి. ఆవిడ కళ్లకి కొత్తగా ఆపరేషనైంది, సరిగా కనబడక తనే ఏదో తప్పు చేస్తున్నాననుకుని వేళ్లతో తడుముకుంటోంది. ఆ తడుముడు చూడలేకపోయాను.

"అత్తా, దాంట్లో ఏమీ లేదు. సినిమాకిచ్చాను" అన్నాను.

అత్త చేతులు ఆగిపోయాయి. వెనక నా నేస్తం వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. ఆ సినిమా చూసినవాళ్లలో అతనూ ఒకడు.

"ఎన్నాళ్లయింది?"

"పది రోజులు."

అత్త కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏడుపు తరవాత. ఈ సుట్టుపక్కల ఏ బండున్నాదో సెప్పు. బేగి."

సాలూరు నుంచి జనాన్ని చేరవేసే సర్వీసు జీపు ఒకటి, రోడ్డు తెగిపోయి స్టేషను అవతల ఆగిపోయి ఉంది. నేను పరిగెత్తాను. డ్రైవరు చుట్ట కాల్చుకుంటూ సీట్లో పడుకుని ఉన్నాడు. బ్యాటరీ ఇమ్మంటే, "బ్యాటరీ ఇప్పితే నా బండి మళ్లీ పలకదు. ఈ అడివిలో నాకెవుడిత్తాడు?" అన్నాడు. అత్త గొడుగు పట్టుకుని నా వెనకే వచ్చేసింది.

"ఇప్పొద్దు నాయనా. బండే మా ఇంటికాడికి తే" అంది.

ఇంటికి వచ్చే దారి ఎర్రమట్టి ఎక్కుడు. జీపు చక్రాలు బురదలో తిరిగాయే గాని ముందుకు రాలేదు. నాన్న, గ్యాంగు కూలీలు, నా నేస్తం వాళ్ల నాన్న, అమ్మ కూడా భుజాలు పెట్టి నెట్టారు. నేను చక్రాల కింద కాఫీ కొమ్మలు విరిచి వేశాను. వరండా దాకా చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. బానెట్టు ఎత్తి, తీగలు తగిలిస్తే ముల్లు లేచి నిలబడింది.

అత్త పిలవడం మొదలెట్టింది. పిలవడం, ఆగి వినడం. వానలాంటి హోరు తప్ప ఏమీ లేదు. విశాఖపట్నంలో ఇద్దరు ముగ్గురు హాములున్నారు, వాళ్లకి వినబడలేదు.

"అంత దగ్గరుంటే వినబడదేటి?" అన్నాడు డ్రైవరు.

"దగ్గరోళ్లకి కొండడ్డం. పైనుంచెళ్లేది వాళ్ల నెత్తి మీంచి ఎళ్లిపోద్ది. ఇది దూరపోళ్లకే వినబడతాది" అంది అత్త, చెవి సెట్టుకే ఆనించి.

పావుగంట దాటింది. అప్పుడు హోరులోంచి సన్నగా, తొందర లేకుండా, ముత్యాల్లాంటి చప్పుళ్లు వచ్చాయి. అత్త పెన్సిలు నా చేతిలో పెట్టింది. "నాకు అచ్చరాలు కనబడవు. నువ్వు రాయి."

రాశాను. కలకత్తా దాటి ఎక్కడో ఒక చిన్న ఊరు. రిటైరైన బడి మాస్టరు. మీరు చాలా సన్నగా వినబడుతున్నారు, నెమ్మదిగా కొట్టండి, వింటున్నాను అన్నాడాయన. అత్త కొట్టింది. ఊరు, జబ్బు, ఎంతమంది, ఏ మందులు, పట్టాలు ఎక్కడ మూసుకుపోయాయి. ఆయన ప్రతి మాటా తిరిగి కొట్టి సరిచూసుకున్నాడు. తర్వాత, 'అలాగే ఉండండి, కదలకండి' అన్నాడు.

అలాగే ఉన్నాం. గంటన్నర. డ్రైవరు మధ్యమధ్య ఇంజను ఆడించి, వినాల్సి వచ్చినప్పుడు ఆపేసేవాడు. బడి మాస్టరు మళ్లీ గాలిలోకి వచ్చాడు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి ట్రంకు కాలు చేశాడట. రైల్వేవాళ్లకి చేశాడట. ఎవరో విసుక్కుని ఫోను పెట్టేస్తే మళ్లీ చేశాడట. మందుల పెట్టెలతో ఇంజను బయలుదేరింది, బండరాళ్ల దాకా వస్తుంది, అక్కడికి మీ మనుషుల్ని పంపండి. నేను రాస్తుంటే అక్షరాలు అలికిపోయాయి. మాట పూర్తికాకముందే నాన్న ట్రాలీ దించమని కేకేశాడు.

నలుగురు మనుషులు వానలో ట్రాలీ నెట్టుకుంటూ సొరంగాల్లోంచి వెళ్లారు. బండరాళ్ల మీదుగా ఆ వైపువాళ్లు ఈ వైపువాళ్లకి పెట్టెలు చేతులు మార్చారు. పొద్దు వాలేలోగా సెలైన్ సీసాలు కొండెక్కాయి. పెట్టెలతోపాటు ఒక కుర్ర డాక్టరు కూడా, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, పెట్టెల వెనకే ఎక్కాడు.

నా నేస్తం తమ్ముడు బతికాడు. దాదాపు అందరూ బతికారు. మా నేస్తం తాత మాత్రం ఆ మధ్యాహ్నమే, సీసాలు రాకముందే పోయాడు.

పొద్దున్న ముల్లు లేచి ఉంటే ఏమయ్యేదో నేను ఎన్నిసార్లు లెక్క వేసుకున్నానో చెప్పలేను. అత్త మాత్రం ఆ మాట ఎత్తలేదు. ఒకరోజు నేనే అడిగితే, "తెలీదే. తెలీనిదాన్ని తెలుసనీ సెప్పను, కాదనీ సెప్పను. ఇకనించి బ్యాటరీ నీళ్లు నువ్వు సూడు" అంది. అప్పటి నుంచి పొద్దున్నే మూతలు తీసే పని నాది.

నెల తర్వాత కలకత్తా వైపు నుంచి ఒక కార్డు వచ్చింది. గాలిలో కలుసుకున్నాక హాములు ఒకళ్లకొకళ్లు పంపుకునే కార్డు. వెనక సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో, 'పిల్లలు ఎలా ఉన్నారు?' అని ఒక్క వాక్యం. అత్త ఆ కార్డు పట్టుకుని కొండెక్కి ఊరందరికీ చదివి వినిపించింది. వాళ్లు రాజ్మా గింజలు, ఎండు పిప్పళ్లు మూట కట్టి ఇచ్చారు. అత్త పార్సిలు చేసి పంపింది. గింజలు వండుకున్నాం, మా మనవరాలు రెండోసారి వడ్డించుకుంది అని ఆయన ఒక ఆదివారం గాలిలో చెప్పాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్నా వాళ్లిద్దరూ పలకరించుకునేవాళ్లు.

ఆ ఏడు కొర్రకొత్త పండక్కి మమ్మల్ని పిలిచారు. కొత్త కొర్రలు, సామలు నోట పెట్టే ముందు చేసే పండగ అది. మా నేస్తం వాళ్ల అవ్వ ఇంటి వెనక గోడవైపు అడ్డాకులు పరిచి, పోయిన పెద్దలకి ముందు వడ్డించింది. ఆ వరసలో తాతది కొత్త ఆకు. నేను ఆగలేకపోయాను. అవ్వ కాళ్ల దగ్గర కూలబడి మొత్తం చెప్పేశాను. బ్యాటరీ, సినిమా, పొద్దున్న పోయిన ఆ మూడు గంటలు.

అవ్వ వడ్డిస్తున్న గరిటె ఆపలేదు.

"తెలుసే. మావోడు ఆ దినమే సెప్పినాడు" అంది. "ఆ సినిమా మీ తాతా సూసినాడు గదా. ముందల కూకున్నాడు. నాలుగు దినాలు అదే సెప్పుకుని నవ్వినాడు. నానెప్పుడూ సూడనేదు ఆడు అలా నవ్వడం." ఇంకో ఆకు నా ముందు వేసి, "తిను. సల్లారిపోతాది" అంది.

తర్వాత గుమ్మం వైపు, చుట్టాల వరసలో, ఎవరూ కూర్చోని చోట ఇంకో ఆకు పరిచింది. కొర్రల అన్నం, చిక్కుడుగింజల కూర వడ్డించింది. ఎవరికని అడిగాను.

"గాల్లో పలికినాడు గదా, ఆ బాబుకి. ఎప్పుడైనా వత్తాడేమో."

ఆయన ఎప్పుడూ రాలేదు. ప్రతి ఏడూ ఆ ఆకు అక్కడే పరిచేవారు. భోజనాలయ్యాక దాన్ని పిల్లలకి పంచేవారు.

నేను కాలేజీలో ఉన్నప్పుడు, ఒక ఆదివారం ఆయన పలకలేదు. తర్వాతి ఆదివారమూ పలకలేదు. మూడో వారం వేరే ఎవరో ఆయన ఇక లేరని చెప్పారు. అత్త మీట మీద చెయ్యి పెట్టి, కొట్టకుండా, చాలాసేపు కూర్చుంది. ఆ ఏడు పండక్కి మేమిద్దరం వెళ్లాం. అవ్వ అప్పటికి బాగా వంగిపోయింది. గుమ్మం దగ్గర ఆకు వేస్తుంటే అత్త ఆవిడ చెయ్యి పట్టుకుని, "అవ్వా, ఆ బాబు పోనాడు" అంది.

అవ్వ ఆ ఆకుని జాగ్రత్తగా రెండు చేతులతో ఎత్తి, ఇల్లు దాటించి, వెనక గోడ దగ్గర పెద్దల వరసలో తాత ఆకు పక్కన పెట్టింది.

అత్త కళ్లు తుడుచుకుంటూ, "ఆయనకి మీ బాస రాదే అవ్వా. అక్కడ ఒక్కడూ ఎలాగుంటాడు?" అంది.

"నీకు ఆయన బాస వచ్చేటి?" అంది అవ్వ.

ఆ రైల్వే క్వార్టర్లు ఇప్పుడు లేవు. కొండ మీద ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ ఫోనుంది. మా నేస్తం అక్కడి బళ్లోనే టీచరు, తలుచుకుంటే నిమిషంలో పలుకుతుంది. పండగ దానిదే ఇప్పుడు, అవ్వ చేసిన చోటే చేస్తుంది. కుదిరిన ఏడు వెళతాను. వెనక గోడ దగ్గర ఆకులు పరిచేటప్పుడు అది ఒక్కొక్కటే పేరు చెప్పి పెడుతుంది. తాత, అవ్వ, గాల్లో బాబు. ఆ పక్కన ఇప్పుడు మా అత్తకి కూడా ఒకటి వేస్తుంది. నేను వడ్డిస్తాను.